తేనెటీగలకి ఆటో స్టార్టర్ ఉండదు

తేనెటీగల్ని చూసి ఏం నేర్చుకోవాలి అని అడిగితే మనకి బడిలో నూరిపోసిన జవాబు ఒకటే, శ్రమ, ఐకమత్యం. నాకు అందులో పెద్ద నమ్మకం లేదు. శ్రమ చీమలూ చేస్తాయి, వరి కోతలకొచ్చే కూలీలూ చేస్తారు, దానికోసం తుట్టెలో తల పెట్టి కుట్టించుకోనక్కర్లేదు. ఈగల దగ్గర నిజంగా నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది, అందరూ ఒకే పని చేస్తూ కూడా అందరూ ఒకే క్షణంలో చెయ్యకపోవడం. ఇది ముందుగా నేర్చుకోవాల్సింది కరెంటు కంపెనీలు, ఆ వెంటనే రొయ్యల చెరువులున్న మనం.

నా పని మోటార్లు రివైండింగ్, రొయ్యల చెరువులకి ప్యానెల్ బోర్డులు కట్టడం. భీమవరం, ఆకివీడు, ఉండి వైపు ఎక్కువ తిరుగుతుంటాను. ఈగల సంగతి నాకు మా బాబాయ్ వల్ల అంటుకుంది. అంబాజీపేట దగ్గర కొబ్బరి తోటలో పెట్టెలు పెట్టాడు. కొబ్బరి పూత ఏడాది పొడుగునా ఏదో ఒక చెట్టుకి విచ్చుతూనే ఉంటుంది కాబట్టి పుప్పొడికి లోటుండదు, వానాకాలం ముసుర్లప్పుడు మాత్రం పంచదార పాకం పెట్టాలి. వెళ్లినప్పుడల్లా పెట్టె మూత తీసి చూపించి ఏదో ఒకటి చెప్తాడు, నేను ఇంటికొచ్చి దాని గురించి చదువుకుంటాను.

చెరువుల గురించి తెలియని వాళ్ల కోసం ముందు ఒక మాట. పగలు నీళ్లలో నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడ్డాక అదే నాచు కూడా రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చేస్తుంది. అందుకని డీఓ, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, సాయంత్రం బాగా ఉండి, తెల్లవారుజామున మూడూ అయిదు మధ్య అడుక్కి పోతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాములకన్నా తగ్గితే వనామీ రకం రొయ్యకి ఇబ్బంది మొదలు, ఇంకా పడితే రొయ్య పైకి తేలుతుంది. కాబట్టి ఆ టైములో ఏరియేటర్లు (నీళ్లని చిలికి గాలి కలిపే మోటారు చక్రాలు) తిరగాల్సిందే, కరెంటు పోతే జనరేటర్ కొట్టాల్సిందే. గట్టు మీద మంచం వేసుకుని పడుకున్న మనిషికి చప్పుడు ఆగిందంటే మెలకువ వచ్చేస్తుంది, అలారం కూడా అక్కర్లేదు.

ఇప్పుడు అసలు గొడవ. కరెంటు పోయింది, పావుగంటకి వచ్చింది అనుకోండి. ప్రతి ప్యానెల్లోనూ ఆటో స్టార్టర్ ఉంది, కరెంటు రాగానే మోటారుని దానంతటదే వేసేస్తుంది. రాత్రిపూట లేచి గట్టెంట తిరిగి ఒక్కో మోటారు వేసుకోలేక అందరూ పెట్టించుకున్నారు, పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, అది తప్పనీ అనను. కానీ లెక్క చూడండి. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ 433 వోల్టుల దగ్గర ఇవ్వగలిగేది సుమారు 84 ఆంపియర్లు. రెండు హెచ్‌పీ ఏరియేటర్ నడుస్తున్నప్పుడు మూడు ఆంపియర్ల పైచిలుకు తీసుకుంటుంది. అంటే 22 ఏరియేటర్లకి 70 ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మర్ హాయిగా మోస్తుంది. కానీ మోటారు స్టార్టయ్యే ఆ కొద్ది సెకన్లూ మామూలుకి అయిదారు రెట్లు లాగుతుంది. ఇరవై రెండూ ఒకేసారి లేచాయంటే 400 ఆంపియర్ల దాకా పోతుంది. వెంటనే వోల్టేజీ కూలుతుంది. వోల్టేజీ 80 శాతానికి పడితే మోటారు తిప్పే బలం 64 శాతానికి పడుతుంది, అది స్క్వేర్ లెక్క. పైగా చక్రాలు నీళ్లలో ఉన్నాయి, ఖాళీగా తిరిగే మోటార్లు కావు. సరిగ్గా లేవలేక, లేవడానికి కావల్సిన ఆ ఎక్కువ కరెంటే లాగుతూ మూలుగుతుంటాయి. ఫ్యూజు ఎగిరిపోతే అదృష్టం. అక్కడెవరో ఫ్యూజుకి బదులు లావుపాటి తీగ చుట్టి ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ కాయిలే పోతుంది. మర్నాడు నా షాపు ముందు మోటార్ల వరస.

గమనించండి, ఇక్కడ కరెంటు చాలక ట్రాన్స్‌ఫార్మర్ పోలేదు. నడవడానికి కావల్సినంత ఉంది. అందరూ ఒకే సెకనులో అడిగారు, అంతే. కానీ ఇలా కాలినప్పుడల్లా మనం అడిగేది మాత్రం 63 తీసి 100 వెయ్యమని. వేస్తారు. దానికింద ఇంకో నాలుగు చెరువులు కలుస్తాయి, కథ మళ్లీ మొదలు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వబోతూ అక్కడి అధికారులు, ముందు ఆటో స్టార్టర్లు తీసెయ్యండి బాబూ అని ఊరూరా తిరిగి చెప్పింది కూడా ఇలాంటి భయంతోనే. బోరు దగ్గరైతే తీసెయ్యమని అడగొచ్చు. రొయ్యల చెరువు దగ్గర తెల్లవారుజామున మూడింటికి తీసెయ్యమంటే వినే రైతు లేడు, వినకూడదు కూడా.

ఇక తేనెపట్టు సంగతి. రోహిణి కార్తెలో బయట నలభై దాటినా సరే, గుడ్లూ పిల్లలూ ఉండే గదుల దగ్గర వేడిని 34, 35 డిగ్రీల దగ్గరే పట్టి ఉంచుతాయి ఈగలు. అటూ ఇటూ ఒకటి రెండు డిగ్రీలు తప్ప పోనివ్వవు. వేడెక్కితే కొన్ని ద్వారం దగ్గర నిలబడి రెక్కలతో విసురుతాయి. (బాబాయ్ చూపించిన వింత: మన నాటు ఈగ తల బయటికి పెట్టి గాలిని లోపలికి తోస్తుంది, విదేశీ మెల్లిఫెరా ఈగ తల లోపలికి పెట్టి లోపలి గాలిని బయటికి లాగుతుంది. ఎవరి అలవాటు వాళ్లది.) మరికొన్ని నీళ్లు తెచ్చి గదుల మీద పూస్తాయి, ఆ తడి ఆరుతూ చల్లబరుస్తుంది. చలేస్తే రెక్కల కండరాలు బిగించి, రెక్క కదపకుండానే వణికి వేడి పుట్టిస్తాయి.

ఇందులో ఎవరు ఎవరికి ఆర్డరు వేస్తున్నారు? ఎవరూ లేరు. రాణి ఈగ అంటే మనవాళ్లు కంపెనీని నడిపే సీఎండీ లాగా ఊహించుకుంటారు గానీ దాని పని గుడ్లు పెట్టడం. ఎప్పుడు విసరాలి, ఎంతమంది విసరాలి అన్నది రాణి చెప్పదు. ప్రతి కూలి ఈగా తన ఒంటికి తగిలిన వేడిని బట్టి తనే మొదలుపెడుతుంది. అక్కడే నాకు అర్థం కానిది ఒకటి ఉండేది. అన్నిటికీ ఒకే వేడి తగులుతుంటే అన్నీ ఒకేసారి మొదలుపెట్టాలి కదా, మన ఆటో స్టార్టర్లలాగే?

పెట్టవు. ఎందుకంటే ఒక్కో ఈగకి ఒక్కో దగ్గర ఉక్క పోస్తుంది. రాణి ఈగ ఒక్క మగ ఈగతో కాదు, పది పన్నెండిటితో, ఇంకా ఎక్కువమందితో కూడా జతకడుతుంది. అందుకని పట్టులో ఉన్నవన్నీ ఒక తల్లి బిడ్డలే అయినా తండ్రులు వేరు. ఒక తండ్రి కూతుళ్లు కొంచెం వేడికే విసరడం మొదలుపెడితే, ఇంకో తండ్రి కూతుళ్లు ఇంకాస్త ముదిరాక గానీ కదలవు. ముందు కొన్ని లేస్తాయి, వాటితో సరిపోతే మిగతావి లేవనే లేవవు. సరిపోకపోతే ఇంకొన్ని. సిడ్నీ యూనివర్సిటీ వాళ్లు దీన్ని పరీక్ష పెట్టి చూసి 2004లో సైన్స్ పత్రికలో రాశారు. ఒకే తండ్రి సంతానం ఉన్న పట్లు కొన్ని, చాలామంది తండ్రుల సంతానం ఉన్న పట్లు కొన్ని తీసుకుని వేడి కొలిచారు. చాలామంది తండ్రులున్న పట్టులో వేడి నిలకడగా ఉంది, ఒకే తండ్రి పట్టులో ఎక్కువ ఊగింది. అందరిదీ ఒకే స్వభావం అయితే అంతే మరి, అందరూ ఒక్కసారి లేస్తారు, కావల్సినదానికన్నా ఎక్కువ చల్లబడుతుంది, అందరూ ఒక్కసారి ఆపేస్తారు, మళ్లీ వేడెక్కుతుంది.

అది చదివిన రోజు నాకు మా ఏరియా ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి మా చెరువులకొచ్చే లైను, కళ్ల ముందు కనిపించింది. ఒకే కంపెనీ స్టార్టర్లు, ఒకే సెట్టింగు, ఒకే తండ్రి బిడ్డలు అన్నీ!

నీళ్ల సంగతి ఇంకా బాగుంటుంది. 1950లలో మార్టిన్ లిండావర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇటలీలో సలెర్నో దగ్గర, నల్లటి లావా రాతి నేల మీద మండుటెండలో ఒక పెట్టె పెట్టాడు. బయట 70 డిగ్రీలు చూపిస్తున్నా, అందుబాటులో నీళ్లుంటే చాలు, లోపల 35 దగ్గరే పట్టుకున్నాయి ఈగలు. మరి ఎన్ని నీళ్లు కావాలో నీళ్లు తెచ్చే ఈగకి ఎలా తెలుస్తుంది? అది బయట తిరిగేది, లోపల ఎంత ఉక్కగా ఉందో చూసుకుంటూ కూర్చోదు. నీళ్లు తేగానే లోపలి ఈగలు ఎగబడి తీసుకుంటే అవసరం ఉందని అర్థం, మళ్లీ వెళ్తుంది. తెచ్చిన నీళ్లు పట్టుకుని తీసుకునేవాళ్ల కోసం పెట్టెలో వెతుక్కుంటూ తిరగాల్సి వస్తే ఇక చాలని అర్థం, మానేస్తుంది. ఆ ఎదురుచూసే టైమే దానికి కబురు. మీటరు లేదు, కంట్రోల్ రూమ్ లేదు, వాట్సాప్ గ్రూప్ అసలే లేదు.

ఈగల్ని చూసి కరెంటు వాడకం సర్దుకోవాలనడం నా సొంత పిచ్చి కాదండీ. కెనడాలో టొరంటోలో మార్క్ కెర్బెల్, రోమన్ కులిక్ అనే ఇద్దరు పెట్టిన రీజెన్ ఎనర్జీ అనే కంపెనీ ఈగల గుంపు తీరు చూసే ఒక చిన్న పెట్టె తయారుచేసింది. పెద్ద బిల్డింగుల మీద ఏసీ యూనిట్లు పదీ ఇరవై ఉంటాయి, ఒక్కోదానికీ ఒక్కో పెట్టె తగిలిస్తారు. పెట్టెలు రేడియోలో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, కానీ నువ్వు ఆగు నువ్వు వెయ్యి అని చెప్పే మాస్టర్ పెట్టె ఒకటి ఉండదు. మిగతా యూనిట్లు ఏం చేస్తున్నాయో చూసుకుని ప్రతి పెట్టే తన యూనిట్ ఇప్పుడు నడవాలా, కొన్ని నిమిషాలు ఆగినా గది చల్లగానే ఉంటుందా అని తనే నిర్ణయించుకుంటుంది. చల్లదనం తగ్గదు, అన్నీ ఒకేసారి నడిచే ఆ శిఖరం మాత్రం తగ్గుతుంది. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్న ఐస్ ఫ్యాక్టరీ, రైస్ మిల్లు వాళ్లకి దీని విలువ చెప్పక్కర్లేదు. వాళ్ల బిల్లులో యూనిట్లు ఒక లెక్క, ఆ నెలలో ఒక్కసారి తగిలిన మాక్సిమం డిమాండ్ ఇంకో లెక్క.

మనకి రేడియోలు కూడా అక్కర్లేదు అంటాను నేను. ప్లగ్గులోనే కబురు వస్తోంది కదా, ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క. దేశం మొత్తం గ్రిడ్డులో తయారీ, వాడకం సరిగ్గా సరిపోతే 50 హెర్ట్జ్. వాడకం ఎక్కువైతే పడుతుంది. శ్రీనగర్‌లో ఎంత పడుతుందో శివారు నర్సాపురంలోనూ దాదాపు అంతే పడుతుంది, ఇంటర్నెట్ లేకుండానే తెలిసిపోతుంది. ఈగలకి వేడి ఎలాగో గ్రిడ్డుకి ఇది అలాగ. 2002–03లో ఏబీటీ (అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్) అని తెచ్చినప్పుడు మనవాళ్లు ఈ పనే చేశారు, రాష్ట్రాల స్థాయిలో. ఒక రాష్ట్రం ఒప్పుకున్నదానికన్నా ఎక్కువ లాగితే కట్టాల్సిన రేటుని ఫ్రీక్వెన్సీకి ముడిపెట్టారు. 50 దగ్గర ఉంటే చవక, 49 కి జారితే వాతే. మీటరు చూసిన ప్రతివాడికీ ఆ నిమిషం రేటు తెలుసు, ఢిల్లీ నుంచి ఫోను రానక్కర్లేదు. అంతకుముందు దక్షిణాదిలో ఫ్రీక్వెన్సీ 48 దరిదాపుల్లో కొట్టుమిట్టాడిన రోజులు పాత ఉద్యోగులకి గుర్తే. ఏబీటీ వచ్చాక అది గాడిన పడింది. అలాగని ఇదే సర్వరోగ నివారిణి కాదు, 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్ కూలినప్పుడు కూడా ఈ పద్ధతి అమల్లోనే ఉంది. ఆ రోజు మనకి చీకటి పడకపోవడానికి కారణం మన గొప్పతనం కాదు, దక్షిణ గ్రిడ్ అప్పటికి వాళ్లతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలవలేదు. కలిసింది 2013 డిసెంబరు ఆఖర్లో.

నేనడిగేది ఆ తెలివి రాష్ట్రం దగ్గర ఆగిపోకుండా చెరువు గట్టు దాకా రావాలని. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఇళ్లలో లైట్లు, ఏసీలు, టీవీలతో లోడు నెత్తికెక్కి ఉంటుంది. సరిగ్గా ఆ టైములోనే, ఎండ కాసిన రోజైతే, చెరువులో పగలు నాచు తయారుచేసిన ఆక్సిజన్ ఇంకా నిండుగా ఉంటుంది. ఎనిమిది ఏరియేటర్లున్న చెరువులో రెండు పది నిమిషాలు ఆగితే రొయ్యకి తెలియను కూడా తెలియదు. అదే తెల్లవారుజామున నాలుగింటికి ఒక్కటి ఆగినా టెన్షనే. ముసురు పట్టిన రోజు సాయంత్రం కూడా ఆపకూడదు, పగలు నాచు ఏమీ చెయ్యలేదు కాబట్టి. ఈ తేడా సబ్‌స్టేషన్లో కూర్చున్న ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి తెలిసే అవకాశం లేదు, చెరువులో డీఓ కొలిచే ప్రోబ్‌కి తెలుసు. నిర్ణయం ప్రోబ్ ఉన్నచోట జరగాలి. కంపెనీ చెయ్యాల్సింది మొత్తం ఫీడరే కట్ చెయ్యడం కాదు, ఆగగలిగినవాడు ఆగితే వాడికి ఏదో దక్కేలా చూడటం. సబ్సిడీ వర్తించే ఆక్వా చెరువులకి యూనిట్ రూపాయిన్నర. రాత్రి ఎనిమిదైనా పగలు పన్నెండైనా అదే రూపాయిన్నర. ఆగినవాడికీ ఆగనివాడికీ తేడా లేనప్పుడు ఎవడాగుతాడు? సబ్సిడీ తీసెయ్యమని నేననట్లేదు (ఈ ముక్క సగం చదివి నా మీదకి వచ్చేవాళ్లుంటారు కాబట్టి చెప్తున్నా). అదే డబ్బులో కొంత, సాయంత్రం రెండు చక్రాలు ఆపినవాడికి ఇంకాస్త తగ్గించి ఇవ్వొచ్చు కదా అంటున్నాను.

ఈగలతో పోలిక ఒక చోట తెగిపోతుంది, అది దాచడం నాకిష్టం లేదు. వాటి తేనె అందరిదీ. ఏ ఈగ ఆగినా, ఏది కష్టపడినా తిండి ఒకే గదుల్లోంచి. మన చెరువులు అలా కావు. 30 కౌంట్ (కిలోకి ముప్పై తూగే) రొయ్య చేతికొచ్చి రేపో మాపో పట్టుబడికి సిద్ధంగా ఉన్నవాడికి ఆగమంటే నష్టం వేరు, నిన్ననే సీడ్ (రొయ్య పిల్లలు) వదిలినవాడికి వేరు. కౌలుకి చేసేవాడికి జనరేటర్ కూడా ఉండకపోవచ్చు. ఎవరు ఆగాలో తేల్చే పని ఊళ్లో పెద్దమనుషులకో, లైన్‌మన్‌కో వదిలేస్తే ఎవరు ఆగుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే లెక్క నీళ్లని బట్టి ఉండాలి తప్ప మనిషిని బట్టి ఉండకూడదు.

కరెంటు తయారీ వైపు కూడా ఒక్క మాట, ఎందుకంటే ఇది మన తీరం కథ. తోట నిండా కొబ్బరి పూత ఉన్నా సరే, కొన్ని ఈగలు దాన్ని వదిలేసి వేరే పూలు వెతకడానికి పోతూనే ఉంటాయి. ఆ పూట చూస్తే దండగ పనే, కానీ ఉన్న పూత అయిపోయిన రోజు ఆ వెతుకులాటే ఆదుకుంటుంది. మనం మాత్రం ఒక్క గ్యాస్‌నే నమ్ముకున్నాం. మన తీరం దగ్గర సముద్రం అడుగున దొరికిన కేజీ-డీ6 (కృష్ణా-గోదావరి బేసిన్) గ్యాస్ 2009 ఏప్రిల్లో మొదలై మరుసటి ఏడాదికి రోజుకి 60 మిలియన్ ఘనపు మీటర్ల దాకా వెళ్లింది, 2013 నాటికి దాంట్లో నాలుగో వంతుకి జారింది. ఆ గ్యాస్ వస్తుందని నమ్మి కట్టిన ప్లాంట్లు మన జిల్లాల్లోనే ఏళ్ల తరబడి ఖాళీగా నిలబడ్డాయి. సామర్లకోటలో రిలయన్స్ పవర్ 2,400 మెగావాట్ల ప్లాంటైతే గ్యాస్ లేక నడవనే లేదు, దాని మెషినరీలో కొంత చివరికి బంగ్లాదేశ్ వెళ్లిపోయింది. పాశర్లపూడి గ్యాస్ బావి 1995లో రెండు నెలలకి పైగా మండటం చూసిన కోనసీమ వాళ్లం, గ్యాస్ వల్ల వచ్చే ప్రమాదం మాకొచ్చింది, కరెంటు మాత్రం ఆ గ్యాస్ నుంచి అనుకున్నంత రాలేదు. దీని గురించి విడిగా రాయాలి, ఇక్కడ పట్టదు.

కంపెనీలు మారేదాకా మనం చెయ్యగలిగింది ఒకటుంది, ఖర్చు కూడా పెద్దగా లేదు. ఆటో స్టార్టర్ తీసెయ్యక్కర్లేదు, దానికి ఆన్-డిలే టైమర్ ఒకటి తగిలించండి, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. కరెంటు వచ్చాక ఎన్ని సెకన్లు ఆగి మోటారు లేవాలో డయల్ తిప్పి పెట్టుకోవడమే. మీ చెరువులో ఏరియేటర్లు ఎన్నుంటే అన్నిటికీ మధ్య నాలుగైదు సెకన్లు ఎడం ఉండాలి, అది మీ ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడు. అసలు చిక్కు పక్క చెరువులతో. నేను ఒక గ్రూపులో టైమర్ పెట్టుకోండి అని రాస్తే గంటలో వచ్చిన మొదటి ప్రశ్న "ఎంత పెట్టమంటారు అన్నా?" ముప్పై అని చెప్పాననుకోండి, ఊరంతా ముప్పయ్యే పెడుతుంది, అప్పుడు కరెంటొచ్చిన ముప్పయ్యో సెకనుకి ఆ 400 ఆంపియర్లూ మళ్లీ ప్రత్యక్షం. అందుకని ఇప్పుడు నేను చెప్పేది, కరెంటు బిల్లు తీసి మీ సర్వీసు నంబరు చూడండి, చివరి రెండు అంకెలు ఎంతుంటే అన్ని సెకన్లు పెట్టండి. పక్కవాడిది వేరే ఉంటుంది. చివర 00 ఉన్నవాడు మొదట లేస్తాడు, 99 వాడు నిమిషంన్నర దాటాక లేస్తాడు, ఆ మాత్రం ఆలస్యానికి రొయ్య ఏమీ అయిపోదు. 99 వచ్చినవాళ్లు నాకు ఫోన్ చేసి మార్చమని అడక్కండి.